పాత మహీంద్రా జీపుకు రెడీమేడ్ వైరింగ్ సెట్టు: కొనదగ్గదే, కానీ ఉన్నదున్నట్టు బిగించొద్దు

తిరుపతి రేణిగుంట రోడ్డులోని స్పేర్ పార్టుల షాపుల్లో గానీ, చిత్తూరులో గానీ పాత మహీంద్రా జీపుకు వైరింగ్ కావాలని అడిగితే, నల్ల టేపు చుట్టిన కట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టి చేతికిస్తారు. ఎంఎం 540, మేజర్, సీఎల్ 550, ఏ మోడలైతే దానికి తగ్గది అడగాలి. షాపులో లేకుంటే చెన్నై జీపీ రోడ్డు నుంచో బెంగళూరు జేసీ రోడ్డు నుంచో తెప్పిస్తారు. కట్ట విప్పితే సాధారణంగా మూడు భాగాలు కనిపిస్తాయి. హెడ్‌లైట్లు, హారన్, ఇంజను వైపు వెళ్ళేది ఒకటి, మీటర్ బోర్డు వెనక పరుచుకునేది ఒకటి, ఛాసిస్ వెంబడి వెనక లైట్లకు పోయేది ఇంకొకటి.

మా మాట ముందే చెప్పేస్తాం. ఈ సెట్టు కొనండి. మామిడి తోటల్లో, చెరువు కట్టల మీద ఇరవై ముప్పై ఏళ్ళు తిరిగిన జీపుకు పాత వైర్లకు అతుకులేస్తూ కూర్చోవడం కన్నా ఇదే మేలు. కానీ అందులోని వైర్లను ఇండికేటర్లు, మీటర్లు, పార్కింగ్ లైట్లు, స్విచ్చుల దాకానే నమ్మాలి. హెడ్‌లైట్లు, హారన్, చార్జింగ్, హీటర్ ప్లగ్గులు (డీజిల్ ఇంజను స్టార్టయ్యే ముందు లోపల వేడి చేసేవి), ఎర్తు (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్ళే దారి), ఈ ఐదూ విడిగా లావు వైరుతో, రిలేలతో (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పరికరాలు), కొత్త ఫ్యూజులతో చేసుకోవాలి. ఎందుకంటే ఈ సెట్లు పాత డిజైనుకు నకళ్ళు. అప్పట్లో ఉన్న తప్పు కూడా అందులో కొత్త వైరుతో మళ్ళీ వస్తుంది.

ఆ తప్పేమిటో లెక్కలోనే తెలుస్తుంది. పాత జీపులో హెడ్‌లైటుకు పోయే కరెంటు బ్యాటరీ దగ్గర బయల్దేరి యాంమీటరు (కరెంటు కొలిచే మీటరు), లైట్ స్విచ్, కాలితో నొక్కే డిప్పర్ స్విచ్ అన్నీ తిరిగి బల్బు చేరుతుంది. మొత్తం దారి ఐదు మీటర్ల పైమాటే. రెండు 60 వాట్ల బల్బులు హై బీమ్‌లో దాదాపు 10 ఆంపియర్లు తాగుతాయి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకు దగ్గర దగ్గర 0.02 ఓముల అడ్డు పెడుతుంది. ఐదు మీటర్లు, 10 ఆంపియర్లు అంటే వైరులోనే ఒక వోల్టు పోయింది. స్విచ్చుల కాంటాక్టుల్లో, చిలుము పట్టిన బుల్లెట్ కనెక్టర్లలో, తుప్పు పట్టిన ఎర్తులో ఇంకో అర వోల్టో ముప్పావో పోతుంది. హాలోజన్ బల్బుకు పది శాతం వోల్టేజీ తగ్గితే వెలుగు పది శాతం కాదు, ముప్పై శాతం తగ్గుతుంది. జీపు లైట్లు పచ్చగా, దీపంలా వెలగడానికి కారణం ఇదే. చాలామంది దీనికి మందుగా 100/90 వాట్ల (హై బీమ్‌కు 100, డిప్‌కు 90) బల్బులు వేస్తారు. అప్పుడు 17 ఆంపియర్లు అదే సన్నటి వైరులో, అదే డిప్పర్ స్విచ్‌లో పోవాలి. వైరులో పోయే వోల్టేజీ ఇంకా పెరుగుతుంది, స్విచ్ కాలుతుంది, వెలుగు మాత్రం అనుకున్నంత రాదు. రోడ్డు మీద ఆ వాట్ల బల్బులు చట్టానికీ ఒప్పవు. మామూలు 60/55 బల్బుకే 13 వోల్టులు అందిస్తే వెలుగు చాలినంత వస్తుంది.

షాపులో కట్ట విప్పించి చూడండి

సంచి మీద ఏ పేరున్నా సరే, విప్పకుండా కొనొద్దు. విప్పనివ్వని షాపులో కొనాల్సిన పని లేదు.

మొదట వైరు. సందేహమున్న ఒక కొస దగ్గర తొడుగు కాస్త వలిచి రాగి పోగులను బ్లేడుతో గీకాలి. లోపల కూడా ఎర్రగా ఉంటే అది రాగి. తెల్లగా తేలితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటి కట్టను అక్కడే వదిలేయండి. అల్యూమినియం పోగులు జీపు కుదుపులకు తెగుతాయి, లగ్గు (వైరు కొసకు నొక్కే లోహపు ముక్క) కింద నలిగి సడలుతాయి, తేమ తగిలితే తెల్లటి పొడిగా మారతాయి. తర్వాత పోగుల లెక్క. 14/0.30 అని రాసి ఉంటే 0.30 మిల్లీమీటర్ల పోగులు పద్నాలుగు, అంటే ఒక చదరపు మిల్లీమీటరు. 28/0.30 అంటే రెండు, 44/0.30 అంటే మూడు. ఒకే మందం తొడుగులో పోగులు తక్కువ పెట్టిన వైరు పైకి లావుగానే కనిపిస్తుంది, కాబట్టి చేత్తో తడిమి నిర్ణయించడం కుదరదు. లెక్కపెట్టాల్సిందే.

తర్వాత లగ్గులు. ప్రతి లగ్గుకూ రెండు రెక్కల జతలుండాలి. ఒక జత రాగిని, ఇంకో జత తొడుగును పట్టుకోవాలి. రాగిని మాత్రమే పట్టుకుని, తొడుగును వదిలేసిన లగ్గు మన రోడ్ల మీద ఆరు నెలల్లో మెడ దగ్గర తెగుతుంది. నాలుగైదు లగ్గులను వేలితో గట్టిగా లాగి చూడండి. ఒకటి ఊడినా మిగతావి అన్నీ మళ్ళీ నొక్కుకోవాలని అర్థం. కట్ట మధ్యలో టేపు ఉబ్బెత్తుగా ఉన్న చోట లోపల అతుకులుంటాయి. అక్కడ వైర్లను మెలితిప్పి టేపు చుట్టారా, లేక నొక్కి బిగించారా చూడాలి. మెలితిప్పిన అతుకు ఉన్న కట్ట నవంబరు వానలు దాటేసరికి లోపల చిలుము పడుతుంది.

రంగులు. ప్రతి పనికీ వేరే రంగు, ఆ రంగుల బొమ్మ కాగితం సంచిలో ఉండాలి. కాగితం లేకుండా ఇచ్చే సెట్లు చాలానే ఉంటాయి. అప్పుడు ఇంటికి తెచ్చాక ప్రతి కొసకూ కాగితం అంటించి మల్టీమీటరు బీప్‌తో ఏది ఎక్కడికి పోతుందో రాసుకోవాలి. మనం కొత్తగా వేసే వైర్లకు లూకాస్ (బ్రిటన్ వాహన ఎలక్ట్రికల్ కంపెనీ) పాత పద్ధతి పాటిస్తే తర్వాత ఏ ఎలక్ట్రీషియన్ చేయి వేసినా అర్థమవుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు, తాళం తిప్పాక వచ్చేది తెలుపు, హై బీమ్ నీలం మీద తెల్ల గీత, డిప్ నీలం మీద ఎర్ర గీత, పార్కింగ్ ఎరుపు, ఎడమ ఇండికేటర్ ఆకుపచ్చ మీద ఎర్ర గీత, కుడి ఇండికేటర్ ఆకుపచ్చ మీద తెల్ల గీత, బ్రేకు లైటు ఆకుపచ్చ మీద ఊదా గీత, ఎర్తు నలుపు. అన్ని రంగులూ దొరక్కపోతే కనీసం ఎర్తుకు తప్ప ఇంకెక్కడా నల్ల వైరు వాడకండి.

సెట్టుతో పాటు వచ్చే ఫ్యూజు పెట్టె గాజు ఫ్యూజులదో పింగాణీ ఫ్యూజులదో అయితే పక్కన పెట్టేయండి. ఆ స్ప్రింగు క్లిప్పులు వేడికి పట్టు కోల్పోయి, ఫ్యూజు బాగున్నా కాంటాక్టు పోతుంది. అక్కడ పుట్టే వేడికి పెట్టె కరిగిన జీపులు తక్కువేమీ కాదు.

విడిగా కొనాల్సినవి

బ్లేడు ఫ్యూజులు పన్నెండు పట్టే, మూత ఉన్న పెట్టె ఒకటి. 12 వోల్టుల 30 లేదా 40 ఆంపియర్ల రిలేలు ఆరు, వాటికి వైరుతో వచ్చే సాకెట్లు. బాష్ లాంటి పేరున్న రిలేలే తీసుకోండి, పైకి అచ్చం అలాగే ఉండే పేరు లేని రిలేలో లోపలి కాంటాక్టు బొట్టు సగం కూడా ఉండదు. హీటర్ ప్లగ్గులుంటే 70 ఆంపియర్ల రిలే ఒకటి అదనం. వైరు కోసం ఇంటి వైరింగ్ వైరు వాడొద్దు. అందులోనూ రాగే ఉంటుంది, కానీ దాని తొడుగు మామూలుగా 70 డిగ్రీల వరకే. మే నెలలో బయటే 42 డిగ్రీలుంటే బానెట్ కింద సంగతి చెప్పక్కర్లేదు. ఆటో కేబుల్ అని ప్రత్యేకంగా అడగాలి, ఫినొలెక్స్ లాంటి కంపెనీలు చేస్తాయి. 2.5 చదరపు మిల్లీమీటర్లది పదిహేను మీటర్లు, 1.5ది ఇరవై, 10ది నాలుగు మీటర్లు, ఎర్తు కోసం నల్లటిది 4 చదరపు మిల్లీమీటర్లది పది మీటర్లు, బ్యాటరీ కేబుల్ 35ది కొలుచుకుని. బ్యాటరీ సీటు కింద ఉన్న జీపుకు సెల్ఫ్ మోటారు దూరం కాబట్టి 35 బదులు 50 వేయండి.

లగ్గులు నొక్కడానికి రాచెట్ క్రింపింగ్ పనిముట్టు కావాలి. ఈ పని మొత్తంలో ఎక్కువగా అశ్రద్ధ చేసేది దీన్నే. కటింగ్ ప్లేయర్‌తో నలిపిన లగ్గు ఆ రోజుకు పనిచేస్తుంది, గాలి పోగుల మధ్య ఉంటుంది కాబట్టి తేమ చేరి మూడో వానాకాలానికి పచ్చబడుతుంది. సోల్డరింగ్ గట్టిదని చాలామంది నమ్మకం. కదలని రేడియోకు అది సరే. జీపులో మాత్రం కరిగిన సీసం పోగుల్లోకి పాకి అక్కడి దాకా వైరును పుల్లలా బిరుసు చేస్తుంది, ఆ బిరుసు ఆగిన చోట అదురుకు వైరు తెగుతుంది. సరిగ్గా నొక్కి, లోపల జిగురున్న, వేడికి ముడుచుకునే హీట్ స్లీవు వేయడమే మంచి పద్ధతి.

రిలే కనెక్షను

రిలే మీద అంకెలు చూస్తే చాలు. 30కి బ్యాటరీ వైపు నుంచి ఫ్యూజు దాటిన లావు వైరు, 87 నుంచి బల్బుకు, 85 ఎర్తుకు, 86కి పాత స్విచ్ నుంచి వచ్చే సన్న వైరు. ఇప్పుడు డిప్పర్ స్విచ్ మోయాల్సింది 10 ఆంపియర్లు కాదు, రిలే కాయిల్ తాగే ఆంపియరులో ఐదో వంతు మాత్రమే. రెడీమేడ్ సెట్టులో హెడ్‌లైటు దాకా వచ్చిన పాత వైర్లను కత్తిరించి పారేయకుండా వాటినే 86కి కలిపితే పని తేలిక, రేపు రిలే పోతే పాత పద్ధతికి వెంటనే మార్చుకోవచ్చు కూడా. హై బీమ్‌కు ఒక రిలే, డిప్‌కు ఒక రిలే. ఎడమ బల్బుకూ కుడి బల్బుకూ వేర్వేరు ఫ్యూజులు, ఒక్కోటి 10 ఆంపియర్లు, ఎర్రటివి. దానికోసం ఫ్యూజును రిలే తర్వాత వేయాలి. అప్పుడు ఒక పక్క షార్టయినా రెండో పక్క వెలుగుతుంది. రాత్రి పూట తోట దారిలో ఒక్కసారిగా చీకటి కావడం ఎంత ప్రమాదమో ఎవరికీ చెప్పక్కర్లేదు. రిలేకు వచ్చే వైరు కూడా రక్షణ లేకుండా ఉండకూడదు కాబట్టి బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే 60 ఆంపియర్ల బోల్టు ఫ్యూజు, అక్కడి నుంచి పెట్టెకు 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్.

హారన్‌లో ఒక మెలిక ఉంది. చాలా జీపుల్లో స్టీరింగ్ మీది బటన్ ప్లస్‌ను కాదు, ఎర్తును కలుపుతుంది. అలాంటప్పుడు 86కి ఫ్యూజు నుంచి ప్లస్ ఇచ్చి 85ను బటన్‌కు పంపాలి. తిరగేస్తే హారన్ ఆగకుండా మోగుతుంది, లేదా అసలు మోగదు. రెండు హారన్లుంటే 8 నుంచి 10 ఆంపియర్లు, 15 ఆంపియర్ల నీలి ఫ్యూజు చాలు. వైపర్‌కు 10, ఇండికేటర్లకు 10, బ్రేకు లైటుకు 7.5, పార్కింగ్‌కు ఎడమ కుడి విడిగా 5. ఫ్యూజు పరికరాన్ని కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. ఫ్యూజు మాటిమాటికీ కొడుతోందని 30 ఆంపియర్లది పెడితే కాలే వంతు వైరుది అవుతుంది.

బ్రేకు లైటుకు కూడా రిలే వేయమని మా సలహా. పాత జీపులో బ్రేకు లైటు స్విచ్ బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది, 21 వాట్ల బల్బులు రెండింటి కరెంటూ దాని చిన్న కాంటాక్టుల మీదే పడుతుంది. తిరుమల నుంచి 1944 నాటి పాత ఘాట్ రోడ్డు దిగుతుంటే ఆ స్విచ్ అరగంటకు పైగా కలుస్తూ విడిపోతూ ఉంటుంది. వెనక బస్సు ఉన్నప్పుడు బ్రేకు లైటు వెలగకపోతే వచ్చే అపాయం ముందు లైటు మసకబారడం కన్నా పెద్దది.

ఎర్తు

జీపు కరెంటు సమస్యల్లో సగం పైన ఎర్తు సమస్యలే. ప్లస్ వైరుకు ఇచ్చిన శ్రద్ధలో పావు వంతు కూడా దీనికి ఇవ్వరు. రెడీమేడ్ సెట్టులో ఎర్తు అంటే రెండు మూడు నల్ల కొసలు, బాడీ రేకుకు స్క్రూతో బిగించడానికి. ఆ రేకు తుప్పు పట్టింది, దాని మీద రెండు మూడు సార్లు పెయింట్ పడింది, బాడీకీ ఛాసిస్‌కూ మధ్య రబ్బర్లున్నాయి. కరెంటు తిరిగి వెళ్ళే దారి అక్కడే తెగుతోంది. ఎడమ ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైట్లు కూడా కొట్టుకోవడం, బ్రేకు తొక్కితే టెయిల్ లైటు ఆరిపోవడం, హెడ్‌లైటు వేయగానే టెంపరేచర్ ముల్లు లేవడం, ఇవన్నీ ఎర్తు పోయిన గుర్తులే. బల్బు ఎర్తు దొరక్క పక్క బల్బు ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుంది.

చేయాల్సింది ఇది. బ్యాటరీ మైనస్ నుంచి 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ నేరుగా ఇంజను బ్లాక్‌కు, సెల్ఫ్ మోటారు బోల్టు దగ్గరికి. ఇంజను నుంచి ఛాసిస్‌కు అల్లిన రాగి పట్టీ. ఛాసిస్ నుంచి బాడీకి ఇంకో పట్టీ. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ కేబుల్ గుండా, స్పీడోమీటర్ కేబుల్ గుండా పోతాయి. కేబుల్ తొడుగు కరిగి బిగుసుకుపోయిన జీపులో తప్పు కేబుల్‌ది అనుకుని దాన్ని మారుస్తుంటారు. హెడ్‌లైట్లకు, వెనక లైట్లకు, మీటర్ బోర్డుకు విడివిడిగా నల్ల వైరు తీసుకెళ్ళి ఒక్కో చోట ఒకే బోల్టుకు కలపండి. బోల్టు కింద పెయింట్‌ను ఎమరీ కాగితంతో రేకు మెరిసేదాకా గీకి, పళ్ళ వాషరు వేసి బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజో పెట్రోలియం జెల్లీయో పూయాలి. ముందు పూసి తర్వాత బిగించడం తప్పు.

చార్జింగ్, హీటర్ ప్లగ్గులు

డాష్‌బోర్డులో యాంమీటరు ఉన్న పాత జీపుల్లో ఆల్టర్నేటరు ఇచ్చే కరెంటంతా ఆ గుండ్రటి మీటరు వెనకాల రెండు నట్ల మీదుగా పోయి వస్తుంది. ఆ నట్లకు ఫ్యూజు లేదు. సడలితే వేడెక్కుతాయి, రేకుకు తగిలితే మంటే. దాన్ని తీసేసి వోల్టు మీటరు పెట్టుకోండి. ఆల్టర్నేటరు నుంచి 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌ను దాని ఆంపియర్ల కన్నా కాస్త పెద్ద బోల్టు ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి ఇవ్వాలి. ఇంజను ఆపినప్పుడు నిండు బ్యాటరీ 12.6 చూపాలి, నడుస్తుంటే 13.8 నుంచి 14.4. యాంమీటరు చూపించేదాని కన్నా ఇది ఎక్కువ చెబుతుంది.

చార్జింగ్ ఎర్ర లైటు విషయంలో ఒక జాగ్రత్త. చాలా ఆల్టర్నేటర్లు మొదట మేల్కోవడానికి ఆ చిన్న బల్బు గుండా వచ్చే కరెంటే ఆధారం. అందంగా ఉందని దాని స్థానంలో ఎల్‌ఈడీ పెడితే ఇంజనును బాగా రేజ్ చేసేదాకా చార్జింగ్ మొదలవదు. అక్కడ రెండు మూడు వాట్ల మామూలు బల్బే ఉంచండి. ఇండికేటర్లకు ఎల్‌ఈడీ వేస్తే ఫ్లాషర్ గబగబా కొడుతుంది, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మారిస్తే సరిపోతుంది.

హీటర్ ప్లగ్గులున్న డీజిల్ ఇంజను, అంటే ఎంఎం 540లోని ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 లాంటిదైతే, ఆ నాలుగు ప్లగ్గులూ కలిసి 40 ఆంపియర్లకు పైగా లాగుతాయి. ఆ కరెంటును తాళం స్విచ్ గుండా పంపడమే తాళం స్విచ్చులు కాలిపోవడానికి ముఖ్య కారణం. 70 ఆంపియర్ల రిలే, 80 ఆంపియర్ల బోల్టు ఫ్యూజు, 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ రెండు మీటర్లు. తాళం నుంచి రిలే కాయిల్‌కు మాత్రమే సన్న వైరు. డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్లలో చాలావాటికి ఈ గొడవే లేదు.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అమరాన్ చేసే అమరరాజా కర్మాగారం ఉన్న కరకంబాడి పక్కనే ఉన్న ఊరు మనది, కాబట్టి తయారీ నెల చూసి కొత్త సరుకే అడగండి. డీజిల్ జీపుకు 75 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ నిల్వ కొలత) తగ్గకూడదు. బిగింపు క్లాంపు మాత్రం తప్పనిసరి, ఎగిరే బ్యాటరీ లోపలి పలకలు రాలిపోతాయి.

వైరు నడిపే దారి

పాత కట్టను పీకి పారేయకముందు దాన్ని నేల మీద పరిచి కొత్త కట్టను పక్కన పెట్టి కొలవండి. రెడీమేడ్ సెట్టులో ఎక్కువగా పొట్టిగా వచ్చేది వెనక భాగమూ, వైపర్ కొసా. వెనకది జానెడు తక్కువైతే లాగి బిగించొద్దు, అదే మందం వైరు కలిపి నొక్కి స్లీవు వేయండి. ఛాసిస్ లోపలి పక్కన, పైభాగంలో, సైలెన్సర్ పైపుకు కనీసం బెత్తెడు దూరంలో నడపాలి. బ్రేకు పైపుకు వైరును కట్టే అలవాటు ఉంది, అది వద్దే వద్దు. ఒరుసుకుని షార్టయితే పైపుకే చిల్లు పడుతుంది. ప్రతి అడుగుకూ ఒక క్లిప్పు. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు చిల్లులో రబ్బరు బుష్ లేకుండా వైరు దూర్చకూడదు. జీపుల్లో మంటలకు దారితీసే చోట్లలో ఆ చిల్లు ముందుంటుంది.

జిగురు టేపు మొత్తం చుట్టేయడం వల్ల మన ఎండకు జిగురు కారి, దుమ్ము పట్టి, రెండేళ్ళలో కట్ట జిడ్డు తాడులా తయారవుతుంది. గుడ్డ టేపు గానీ, నెరెలున్న ప్లాస్టిక్ గొట్టం గానీ వాడండి. గొట్టానికి ఉన్న చీలిక కిందికి తిప్పాలి, నీళ్ళు నిలవకుండా. మామిడి తోటల్లో, గోదాముల్లో నిలిపే జీపులకు ఎలుకల బెడద ఉంటుంది. గొట్టం వాటిని పూర్తిగా ఆపదు, కానీ మెత్తటి వైరు కన్నా నయం. ఫ్యూజు, రిలే పెట్టెను బానెట్ కింద ఎడమ మడ్‌గార్డు పైభాగాన, రిలేల కాళ్ళు కిందికి ఉండేలా బిగించండి. స్వర్ణముఖిలోనో చెరువు అలుగులోనో దిగితే నీరు ముందు ఎక్కడికి ఎక్కుతుందో చూసుకుని ఆ గీతకు పైనే ఉండాలి. వాటర్ సర్వీస్‌లో ప్రెషర్ గన్ ఆ పెట్టె మీద కొట్టొద్దని చెప్పడం మరిచిపోకండి.

రెడీమేడా, చేత్తో అల్లించడమా

ఇంజను మార్చిన జీపు, ఆల్టర్నేటరు వేరే పక్కకు వెళ్ళిన జీపు, మీటర్లన్నీ వేరే బండివి పెట్టుకున్న జీపు అయితే రెడీమేడ్ సెట్టు డబ్బు దండగ. సగం కొసలు పొట్టి, సగం కొసలు వృథా. అలాంటి జీపుకు మన ఊళ్ళ ఎలక్ట్రీషియన్ల చేతే కొత్తగా అల్లించుకోవాలి. ఇక్కడి పనివాళ్ళలో బస్సులూ లారీలూ మొత్తం వైరింగ్ చేసిన చేతులున్నాయి. వాళ్ళకు పని తెలియక కాదు, కస్టమరు తొందరపెట్టడం వల్లే మెలితిప్పి టేపు చుడతారు. రెండు మూడు రోజులు బండి వదిలి, వైరు, లగ్గులు, రిలేలు మీరే కొని చేతికిచ్చి, "అన్నా, మధ్యలో అతుకు ఒక్కటి కూడా వద్దు, ప్రతి లగ్గూ రాచెట్‌తోనే నొక్కు, ఏ రంగు ఎటు పోయిందో కాగితం మీద రాసివ్వు" అని ముందే చెప్పాలి. ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించి బండి కాగితాల్లో పెట్టుకోండి. అసలు జీపు కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే రెడీమేడ్ సెట్టే తక్కువ సమయంలో, శుభ్రంగా అవుతుంది. డ్యాష్‌బోర్డు వెనక పని సగం రోజుకు తగ్గుతుంది.

బండి తీసుకునే ముందు

బ్యాటరీ మైనస్ కలిపే ముందు దాని కొసకూ బ్యాటరీకీ మధ్య 21 వాట్ల టెస్ట్ ల్యాంపు పెట్టండి. అన్ని స్విచ్చులూ ఆపి ఉండగా అది వెలిగితే ఎక్కడో షార్టుంది, కలపొద్దు. వెలగకపోతే మల్టీమీటరును ఆంపియర్లలో పెట్టి అదే చోట చూడండి. పాత డీజిల్ జీపులో ఎలక్ట్రానిక్స్ లేవు కాబట్టి రీడింగు సున్నాకు దగ్గరగా ఉండాలి. మ్యూజిక్ సిస్టం ఉంటే పది ఇరవై మిల్లీ ఆంపియర్లు. 50 దాటితే నిలిపి ఉంచిన జీపు బ్యాటరీ నెలలో సగం ఖాళీ అవుతుంది.

తర్వాత ఇంజను నడుపుతూ హై బీమ్ వేసి, మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, ఇంకో కొస హెడ్‌లైటు సాకెట్ పిన్‌కు. అర వోల్టు దాటకూడదు. రిలేతో, 2.5 వైరుతో చేసిన పని 0.2, 0.3 దగ్గర ఆగుతుంది. బ్యాటరీ మైనస్‌కూ హెడ్‌లైటు ఎర్తుకూ మధ్య 0.2 లోపు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కూ ఇంజను బ్లాక్‌కూ మధ్య 0.3 దాటితే ఎర్తు కేబుల్ బోల్టు విప్పి మళ్ళీ గీకాలి. ఈ నాలుగు రీడింగులు ఎలక్ట్రీషియన్ ఎదుటే చూసుకుని డబ్బు ఇవ్వండి. మంచి పనివాడు ఇందుకు నొచ్చుకోడు.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొస పీకి చార్జింగ్ పరీక్షించే పాత అలవాటు డైనమో కాలం నాటిది. ఆల్టర్నేటరులో అలా చేస్తే డయోడ్లు పోతాయి. కట్ ఆఫ్ స్విచ్ వేసుకున్నవాళ్ళు కూడా ఇంజను ఆపాకే దాన్ని తిప్పాలి. టింకరింగ్ షాపులో వెల్డింగ్ చేయిస్తే బ్యాటరీ కొసలూ, ఆల్టర్నేటరు కేబులూ ముందే విప్పించండి.

పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్ళినప్పుడు హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు లైటు, హారన్, వైపర్ అన్నీ చూస్తారు. బానెట్ మీదో పైనో లైట్ బార్లు ఉంటే వాటిని రోడ్డు మీద మూసి ఉంచాలి, వాటికి వేరే రిలే, వేరే ఫ్యూజు ఇవ్వాలి, హెడ్‌లైటు వైరుకు తగిలించకూడదు.

బిగించిన 500 కిలోమీటర్లకు ఒకసారి బ్యాటరీ కొసలు, ఆల్టర్నేటరు నట్టు, సెల్ఫ్ మోటారు నట్టు, ఎర్తు బోల్టులు అన్నీ పానాతో తిప్పి చూడండి. కొత్త లగ్గు కింద రాగి అణిగి మొదటిసారి తప్పకుండా కొంత సడలుతుంది. జీపు డిక్కీలో ఎప్పుడూ ఉండాల్సినవి: ప్రతి సైజు బ్లేడు ఫ్యూజులు రెండేసి, రిలే ఒకటి, హెడ్‌లైటు బల్బు ఒకటి, రెండు మీటర్ల 2.5 వైరు, టెస్ట్ ల్యాంపు.